పిలుపు తెలిసిన పాట

2022 డిసెంబరు 23న 'ధమాకా' వచ్చింది. 2023 మార్చి 3న 'బలగం', అదే నెల 30న 'దసరా'. నిండా వంద రోజులు గడవకముందే గీత రచయిత కాసర్ల శ్యామ్ పాటలు మూడు సినిమాల్లో మోగాయి. మొదటిదాంట్లో 'జింతాక్'. దానికి బాణీ కట్టిన భీమ్స్ సిసిరోలియో మంగ్లీతో కలిసి తానే పాడాడు. మూడోదాంట్లో 'చమ్కీల అంగీలేసి'. సంతోష్ నారాయణన్ సంగీతానికి రామ్ మిరియాల, ధీ గొంతు కలిపారు. ఈ రెండు హుషారు పాటల నడుమ సిరిసిల్ల వైపు ఒక పల్లెలో జరిగే చావు కథ 'బలగం'. అక్కడ కూడా పాట రాసింది శ్యామే, బాణీ భీమ్స్‌దే, గొంతుల్లో మళ్లీ రామ్ మిరియాల, మళ్లీ మంగ్లీ. అంటే మనుషులు వాళ్లే, వాళ్ల దగ్గరున్న సరుకూ అదే. అయినా 'బలగం' పాటలు వింటుంటే శ్యామ్, భీమ్స్ ఇద్దరూ పాత ఇంట్లోనే కొత్త గది తలుపు తీసినట్టు ఉంటుంది. ఆ గదిలో ఏముందో కాస్త నింపాదిగా చూడాలని ఈ వ్యాసం.

జానపదం అనగానే మనం ముందు దరువు గురించి మాట్లాడతాం, తర్వాత యాస గురించి. చెవికి మొదట తగిలేవి ఆ రెండే. కానీ కరీంనగర్ వైపు పల్లెపాట నడిచేది ముఖ్యంగా పిలుపు మీద. నాటు కాడ గానీ, బతుకమ్మ చుట్టూ గానీ, పెండ్లి పందిట్లో గానీ, చావింటి ముందర గానీ పాట ఎవరినో ఒకరిని పిలవకుండా మొదలు కాదు. బావా అని, వదినా అని, బిడ్డా అని, నర్సయ్యా అని ఎవరినో నిలబెట్టి, వాళ్ల మొహంలోకి చూసి పాడాలి. వినేది ఎవరో తేలాకే పాటకు నడక దొరుకుతుంది. అందుకే ఈ పాటల్లో వర్ణన కంటే సంభాషణ ఎక్కువ. నిందలు, ఎత్తిపొడుపులు, అలకలు, ఓదార్పులు అన్నీ ఎదుటి మనిషి ఉన్నాడన్న ధైర్యంతో వచ్చే మాటలే.

సినిమా ఈ పిలుపును ఎప్పుడో పట్టుకుంది. కాకపోతే దాన్ని వినేవాణ్ణి పట్టుకునే ఒక కొక్కెంగా వాడుకుంది. శ్యామే రాసిన 'రాములో రాములా' (అల వైకుంఠపురములో, 2020) దేశమంతా తిరిగింది. ఆ రాములు ఎవరో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. పిలుపు నోటికి రుచిగా ఉంది, తమన్ దరువులో గట్టిగా కూర్చుంది, అంతే చాలు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నోటికి పట్టే పేరు ఎంచుకోవడం, దాన్ని తాళంలో సరిగ్గా ఎక్కడ కొట్టాలో తెలియడం చాలా కష్టపడి నేర్చుకునే విద్య. హనుమకొండ నుంచి వచ్చి, జానపద కళలను శ్రద్ధగా చదువుకుని, ఇరవై ఏళ్ల పాటు సినిమాలకు రాసినవాడికి అబ్బిన విద్య. భీమ్స్ దారీ అలాంటిదే. అతను ముందు పాటలు రాసేవాడు, 'నువ్వా నేనా' (2012)తో సంగీత దర్శకుడయ్యాడు, 'బెంగాల్ టైగర్' (2015) తర్వాత చాలాకాలం పెద్ద విజయం లేకుండా గడిపాడు, 'ధమాకా'తో మళ్లీ నిలబడ్డాడు. మాట రాసినవాడే బాణీ కట్టేవాడు కావడం వల్ల అక్షరం ఎక్కడ నలుగుతుందో అతనికి తెలుసు. అతని పాటల్లో వాద్యాలు ఎంత గోల చేసినా మాట వినపడకుండా పోవడం అరుదు.

'బలగం'లో మారింది ఈ పిలుపు పని. పిలిచిన మనిషి ఇక్కడ నిజంగా ఉన్నాడు. అతనికి ఇల్లుంది, పంతం ఉంది, తోబుట్టువుతో తెగిపోయిన మాట ఉంది.

కథ తెలియనివాళ్లు తక్కువే గానీ రెండు మాటల్లో చెప్పుకుందాం. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మనవడు సాయిలు (ప్రియదర్శి) నెత్తి మీద అప్పులున్నాయి, కట్నం వస్తే తీర్చుకుందామన్న ఆశతో ఉన్నాడు, తాత చావు ఆ పెండ్లికే అడ్డం పడింది. కూతురు లక్ష్మి, అల్లుడు నారాయణ ఏళ్లకేళ్లుగా ఆ గడప తొక్కలేదు. కారణం ఒక విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన మాట పట్టింపు. మూడొద్దులకు పిట్టకు పెడితే పిట్ట ముట్టదు, ఆ తర్వాతా ముట్టదు. పదకొండొద్దుల నాటికి ఇంటిల్లిపాదికీ, ఊరికీ కూడా అది భయంగా మారుతుంది. సిరిసిల్ల మనిషి వేణు యెల్దండికి దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. అప్పటిదాకా మనం ఆయన్ని నవ్వించేవాడిగానే చూశాం.

ఇక పాటల్లోకి. 'ఊరు పల్లెటూరు' పొద్దున్నే మొదలవుతుంది. కోడి కూస్తుంది. ఇంతవరకు వెయ్యి పల్లె పాటల్లో ఉన్నదే. శ్యామ్ పనితనం రెండో అడుగులో ఉంది. కోడి కూతకు లేచేది మనుషులు కాదు, ఊరే. కోడెదూడలాగా ఒళ్లు విరుచుకునేదీ ఊరే. వేపపుల్ల నమిలి ఆ చేదును నోట పట్టేదీ ఊరే. పాట ఊరికి ముందుగా ఒక ఒళ్లు ఇచ్చింది, ఆ తర్వాతే ఇళ్లు, గుడి, పొలం వచ్చాయి. మామూలు పల్లె పాట ఒక కెమెరా లాగా చెరువు నుంచి చేనుకు, చేను నుంచి రచ్చబండకు తిరుగుతుంది. ఈ పాట తిరగదు. నిద్ర లేచిన ఒక మనిషి పొద్దుటి పనులు చేసుకుంటున్నట్టు ముందుకు పోతుంది. అందువల్ల జాబితాలాగా అనిపించాల్సిన చోట కూడా అది ఒక దినచర్య అవుతుంది.

అంత్యప్రాసను కూడా గమనించాలి. పోలిక చెప్పేటప్పుడు మాట చివర వచ్చే ధ్వనినీ, పల్లె అన్న ధ్వనినీ శ్యామ్ ఒకే గూటికి చేర్చాడు. దాంతో ప్రతి ఉపమానం ముగిసేసరికి చెవి మళ్లీ పల్లె దగ్గరకే చేరుతుంది. ఇది తాళం కోసం చేసిన పనిలా కనిపిస్తుంది, నిజానికి అర్థం కోసం చేసింది. ఏ పోలిక తెచ్చినా దాని చివర ఊరు నిలబడి ఉంటుంది. ప్రాస కోసం అర్థాన్ని వంచే కవులను చూశాం. ప్రాసతోనే అర్థాన్ని కట్టినవాళ్లు కొద్దిమందే.

తర్వాత వచ్చేది పల్లవి. ఊరిని తల్లితో పోల్చడంలో కొత్తేమీ లేదు. తల్లి కొంగున దాచి కొడుక్కు పెట్టే ప్రేమ అని చెప్పడంలో కాస్త కొత్తదనం ఉంది, ఎందుకంటే అది అందరికీ పంచే ప్రేమ కాదు, చాటుగా ఒక్కడికి ఇచ్చేది. తిరిగి వచ్చినప్పుడు మాత్రం పాట ఒక చిత్రమైన అడుగు వేస్తుంది. ఈసారి ఊరు తల్లి కాదు, కన్నకూతురు. కళ్ల ముందే ఏపుగా ఎదిగే పైరు. మనల్ని పెంచిన ఊరు ఉన్నట్టుండి మనం పెంచాల్సిన ఊరు అయిపోయింది. పాట విడిగా వింటే ఇది అందమైన మలుపుగానే తోస్తుంది. సినిమాలో పెట్టి వింటే వేరు. ఇది కూతుర్ని పోగొట్టుకున్న ఇంటి కథ. చనిపోయే ముసలాయనకు ఒక్కగానొక్క ఆడబిడ్డ, ఆ బిడ్డ మాట పట్టింపుల వల్ల ఏళ్ల తరబడి రాలేదు. ఊరును కన్నకూతురని సంబరంగా పాడుకునే నోళ్లు సొంత ఇంటి ఆడబిడ్డను పిలవడం మర్చిపోయాయి. కథ ఇంకా మొదలు కాకముందే పాట ఆ లోటును మన చెవిలో వేసి పెట్టింది. ఇలాంటిదే ఇంకొకటి: ఊరిని గోడ కట్టని గూడుగా చెప్పే చోటు. సినిమాలో ఉన్న గోడలన్నీ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి.

పాటలో వరసలు కూడా వస్తాయి. మామ, అత్త, బావ, బాపు అనుకుంటూ ఊరంతా చుట్టరికమే అంటుంది. కులాల గీతలు ఇంకా చెరగని పల్లెల్లో వరసలు కలుపుకుని పిలుచుకునే అలవాటు మాత్రం నిజంగానే ఉంది. చాకలి ఆయన్ని మామా అని, కుమ్మరి ఆమెను అత్తా అని పిలుచుకునే ఊళ్లు జగిత్యాల చుట్టూ, సిరిసిల్ల చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ పిలుపు వల్ల గీత చెరిగిపోదు. శ్యామ్ ఆ సంగతి తెలియనట్టు రాసుకుంటూ పోయాడు. పాట ఇలా చూడకుండా వదిలేసినవాటి మీద నాకు కొంచెం పేచీ ఉంది, కాసేపట్లో చెప్తాను.

ముందు గొంతుల సంగతి. సిరిసిల్ల పాట పాడినవాళ్లిద్దరూ సిరిసిల్ల వాళ్లు కాదు. రామ్ మిరియాల కోస్తా నుంచి వచ్చి, 'చౌరస్తా' బృందంతో సొంత పాటలు రాసి పాడి పేరు తెచ్చుకున్నాడు. మంగ్లీ అనంతపురం జిల్లా తండా బిడ్డ, తిరుపతిలో సంగీతం చదువుకుని తెలంగాణ టీవీల్లో, పాటల్లో స్థిరపడింది. మాట మొదట్లో వకారం జారిపోయి ఇకారమో ఎకారమో మిగలడం, చకారం సకారంలోకి ఒదగడం వీళ్లకు అలవాటైన నడకలు. ఆ నడకను వాళ్లు పాటలో ఎక్కడా ఒత్తి చూపించరు. యాసను ఒత్తి పలికితే అది వేషమవుతుంది. సినిమాల్లో తెలంగాణ మాట దశాబ్దాల పాటు అలాగే బతికింది, విలన్ నోట్లోనో, హాస్యగాడి నోట్లోనో. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన 'మై విలేజ్ షో', అందులో గంగవ్వ మాట ఆ వేషాన్ని చాలా మేరకు విప్పేశాయి. సిరిసిల్ల జిల్లా రచయిత పెద్దింటి అశోక్ కుమార్ మాటలు రాసిన 'మల్లేశం' (2019) ఇంకొంత విప్పింది. 'బలగం' గాయకులు ఆ తయారైన నేల మీద నిలబడి పాడారు. రామ్ గొంతులో ఉండే చిన్న గరుకు పొద్దుటి పాటకు బాగా సరిపోయింది. అప్పుడే నిద్ర లేచినవాడి గొంతు అలాగే ఉంటుంది కదా. మంగ్లీ మాత్రం 'జింతాక్'లో పైకి ఎగరేసిన గొంతును ఇక్కడ సగానికి దించింది. ఈ దించడం ఆమె సొంత ఎంపికో, భీమ్స్ మాటో గానీ, రెండు నెలల పైచిలుకు తేడాతో వచ్చిన సినిమాల్లోని ఆ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వింటే ఒక గాయని తన బలాన్ని ఎప్పుడు దాచుకోవాలో తెలుసుకున్న తీరు అర్థమవుతుంది.

ఇప్పుడు పేచీ. సిరిసిల్లలో పొద్దు పొడిచేది కోడి కూతతో ఒక్కటే కాదు, మరమగ్గాల చప్పుడుతో కూడా. రాత్రి షిఫ్టు దిగినవాడు ఇంటికి పోతుంటే పగటి షిఫ్టువాడు ఎదురొస్తాడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ల మీద ఆ పట్టణం ఏళ్లపాటు ఊపిరి పీల్చుకుంది. అంతకు ముందటి కాలంలో నేతన్నల ఆత్మహత్యలతో వార్తల్లోకెక్కింది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంటింటి ముందర చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు లేకుండా పగలు గడవదు. ఈ పాట కన్ను అటు మళ్లలేదు. పొలం, పైరు, గుడి, చెరువు చుట్టూ తిరిగింది. పల్లె అంటే పంట అన్న పాత అలవాటు శ్యామ్‌ను కూడా వదల్లేదు. ఈ పాటకు జాతీయ పురస్కారం రావడానికి బహుశా ఈ నున్నదనం కూడా ఒక కారణమేమో. ఢిల్లీలో కూర్చుని విన్నా అర్థమయ్యే పల్లె అది. అయితే కొమురయ్యది కాపుదనపు ఇల్లు కాబట్టి పాట ఆ ఇంటి గుమ్మం నుంచి చూస్తోందని ఎవరైనా వాదిస్తే నేను గట్టిగా కాదనలేను.

'పొట్టి పిల్ల' గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రామ్ మిరియాల హాయిగా పాడాడు, వినడానికి బాగుంది, చావింట్లో మరదలి మీద మనసు పడ్డ సాయిలు కంగారును మోసింది. పిలుపు ఇక్కడ ముద్దుపేరుగా మారింది. శ్యామ్ ఇలాంటివి నిద్రలో కూడా రాయగలడు.

'బలగం' పాటల్లో అసలు గీటురాయి చివరిది. దినాల రోజు బంధువులంతా కూడి, మొహాలు తిప్పుకుని కూర్చున్న ముంగిట్లో బుడగ జంగాల దంపతులు పాట మొదలుపెడతారు. పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు. సినిమా కోసం వేషం కట్టినవాళ్లు కారు. ఊరూరా తిరిగి, చావిళ్ల ముందు కథ చెప్పి, పెట్టింది తీసుకుని పోవడమే బతుకుగా గడిపిన కళాకారులు.

ఈ విద్య ఎలా పనిచేస్తుందో తెలిస్తే పాట గొప్పతనం ఇంకా బాగా కనపడుతుంది. జంగమాయన చావింటికి వచ్చేసరికి అతని దగ్గర పాట నడక సిద్ధంగా ఉంటుంది. బాణీ, పాదాల కొలత, మొదలు, ముగింపు తరాల నుంచి వచ్చినవే. ఉండనిది పేర్లు. పోయినాయన పేరేంటి, కొడుకులెందరు, బిడ్డలెందరు, పెద్దోడేం చేస్తడు, చిన్నబిడ్డ ఎక్కడికిచ్చిండ్రు అని అరుగు మీద కూర్చుని అడిగి తెలుసుకుంటాడు. గంటలో ఆ పేర్లన్నీ పాటలోకి వచ్చి కూర్చుంటాయి. అంటే ఆ పాటకు రెండు పొరలు. కింద ఉన్నది అందరిదీ, పైన ఉన్నది ఆ ఒక్క ఇంటిది. లిఖిత కవిత్వం తెలిసినవాళ్లు దీన్ని అచ్చులో పోసిన పని అని చిన్నచూపు చూస్తారు. ముంగిట్లో కూర్చున్నవాడికి మాత్రం తన పేరు పాటలో వినపడిన క్షణాన ఆ అచ్చు మాయమవుతుంది.

సినిమాలో మొగిలయ్య మొదట కొమురయ్యను పిలుస్తాడు. ఇన్నాళ్లు తోడుగా, నీడగా ఉన్నవాడివి ఎక్కడికి పోయావని పోయిన మనిషినే అడుగుతాడు. జవాబు చెప్పలేనివాణ్ణి ప్రశ్నించడంతో పాట మొదలవుతుంది కాబట్టి ఆ ప్రశ్న గాలిలో అలాగే ఉంటుంది. తర్వాత పాట మెల్లగా బతికున్నవాళ్ల వైపు తిరుగుతుంది. కన్నవాడు మిమ్మల్నెట్లా సాకాడో చెప్తుంది. ఎవరినీ తప్పుపట్టదు. సర్పంచి చెప్పినా, కులపెద్దలు కూర్చున్నా, ఇంట్లో అరిచి గీపెట్టుకున్నా రాని మెత్తదనం ఆ ముంగిట్లోకి వస్తుంది. ఎందుకంటే అంతవరకు ఆ ఇంట్లో మాట్లాడినవాళ్లంతా ఎవరో ఒకరి పక్షం. జంగమాయనకు పక్షం లేదు. అతను పోయినాయన తరఫున మాట్లాడటానికి ఊరు ఒప్పుకున్న మనిషి. రెండు గంటలుగా మూసుకుపోయిన పిలుపులు ఈ బయటివాడి నోట తెరుచుకుంటాయి. అన్నా, చెల్లె అని తమలో తాము పిలుచుకోవడం మానేసినవాళ్లను అతను ఒకరి పక్కన ఒకరి పేరుగా పెట్టి పాడతాడు.

పాడిన తీరులో ఇంకో విశేషం ఉంది. మొగిలయ్య ఏడవడు. మన సినిమాల్లో చావుపాట అంటే గాయకుడే ముందు గద్గదమవుతాడు, వెనకాల వయొలిన్లు లేస్తాయి, వినేవాడు ఏడవక తప్పని పరిస్థితి వస్తుంది. ఇక్కడ గొంతు తెరిచి, గట్టిగా, కథ చెప్పే ఒరవడిలో పాట సాగుతుంది. లయ ఎక్కడా కుంగదు. ఏడవడం వినేవాళ్ల పని, పాడటం తన పని అన్న వృత్తి నియమం అందులో ఉంది. రోజుకో చావింట్లో పాడేవాడు ప్రతి ఇంట్లో ఏడిస్తే బతకలేడు, పాడలేడు కూడా. పాదం చివర కొమురమ్మ అందుకుంటుంది. ఆమెది వంత అంటే సరిపోదు. భర్త గొంతు ముందుకు తోసిన మాటను ఆమె గొంతు వెనక్కి లాగి పట్టుకుంటుంది, ఆ లాగుడులోనే దుఃఖం ఉంది. ఒకరు ప్రశ్న వేస్తుంటే ఇంకొకరు దాన్ని ఆరనివ్వరు. పాటను రెండోసారి వినేవాళ్లు ఆమె మీదే చెవి పెట్టి వినాలని నా మనవి.

సంగీత దర్శకుడిగా భీమ్స్ ఎదిగాడని నేను చెప్పేది కూడా ఈ పాటను పట్టుకునే. 'జింతాక్' కట్టినవాడికి చేతినిండా వాద్యాలుంటాయి. క్లైమాక్స్ పాట అంటే నిర్మాత, ప్రేక్షకుడు, ఆఖరికి అలవాటు కూడా పెద్ద మోత కోరతాయి. అతను ఆ దంపతుల గొంతుల మీద చెయ్యి బరువుగా వెయ్యలేదు. పేరున్న గాయకులతో పాడించి తెర మీద వాళ్ల పెదవులు కలిపించడం సులువైన దారి. అదీ చెయ్యలేదు. ఆ గొంతుల్లో ఉన్న శ్రుతి అంచులను, దుమ్మును, ఊపిరి తీసుకున్న చోట్లను ఉండనిచ్చారు. ఈ నిర్ణయంలో వేణు పాలు ఎంతో, భీమ్స్ పాలు ఎంతో విడదీయక్కర్లేదు. సొంత పాట తీసి పక్కన పెట్టి ఇంకొకరి పాటకు చోటు ఇవ్వడం సంగీతకారులకు ఆలస్యంగా వచ్చే గుణం, కొందరికి అసలు రాదు.

చావింటి పాట తెలుగు దేశానికే పరిమితమైన సంగతీ కాదు. తమిళ పల్లెల్లో చావుకు పాడే ఒప్పారి ఉంది. అరివు అనే యువ గాయక రచయిత 2021లో ధీతో కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి'లో ఆ ఒప్పారి ఛాయనూ, తన అవ్వ వల్లియమ్మాళ్ చెప్పిన బతుకునూ ప్రపంచం ముందు పెట్టాడు. దానికి తోడైన సంతోష్ నారాయణన్, ధీలే తర్వాత 'చమ్కీల అంగీలేసి'కి వచ్చారు. రాజస్థాన్ రుదాలీలను మహాశ్వేతాదేవి కథ, 1993 నాటి సినిమా బయటికి తెచ్చాయి. అయితే అరివు అవ్వను తన రాప్ నడకలోకి తెచ్చుకున్నాడు. 'బలగం' అందుకు ఎదురు దారి పట్టింది. సినిమానే లేచి జంగమాయన ముంగిట్లోకి పోయి కూర్చుంది. ఏది గొప్పదారి అంటే నేను తేల్చలేను. రెండో దారిలో వినయం ఎక్కువ, మొదటిదాంట్లో తెగువ ఎక్కువ.

సిరిసిల్ల నేలకు జంగం కథ కొత్త కాదు. వేములవాడ పక్కన హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి బాల్యంలో చెవిన పడ్డవాటిలో హరికథలతో పాటు జంగం కథలూ ఉన్నాయి. ఒగ్గుకథకు అంత పేరు తెచ్చిన మిద్దె రాములుదీ ఆ ఊరే. సినారె ఆ కథల లయను తీసుకుని గజళ్ల దాకా, 'విశ్వంభర' దాకా పోయాడు. ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలనూ ప్రయోగాలనూ పరిశోధించిన పండితుడికి ఆ రెండూ ఒకే వాకిట్లో దొరికాయన్నమాట. సినిమాకు వేల పాటలు రాసినా, తన ఊరి జంగమాయన్ని అలాగే తెర మీదికి తెచ్చే అవకాశం ఆయన కాలపు సినిమా ఇవ్వలేదు.

'బలగం' వచ్చిన కొత్తలో పల్లెల్లో పంచాయతీ ముందర తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. ఆ చూపులో కూడా ఆఖరి పాటదే పైచేయి. తెర మీద ముంగిలి, తెర ముందు ముంగిలి. పాట పిలిచేది కొమురయ్య పిల్లల్నే అయినా, ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది.

71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 'ఊరు పల్లెటూరు'కు శ్యామ్ ఉత్తమ గీత రచయిత అయ్యాడని 2025 ఆగస్టులో ప్రకటించారు. తెలుగు పాటకు ఆ గౌరవం తెచ్చినవాళ్లు అంతకు ముందు నలుగురే: 'అల్లూరి సీతారామరాజు'కు శ్రీశ్రీ, 'మాతృదేవోభవ'కు వేటూరి, 'ఠాగూర్'కు సుద్దాల అశోక్ తేజ, 'కొండపొలం'కు చంద్రబోస్. ఆ వరసలో నేరుగా పల్లె ముంగిలి నుంచి లేచిన పాట ఇది. ఆ కబురు వినడానికి మొగిలయ్య లేడు. మూత్రపిండాల జబ్బుతో చాలాకాలం బాధపడి 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఎన్నో ఇళ్ల ముందు పోయినవాళ్ల తరఫున అడిగిన గొంతు అది.

భీమ్స్ తర్వాత పెద్ద సినిమాలకు పోయాడు. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం'లో 'గోదారి గట్టు'ను చాలా ఏళ్ల తర్వాత రమణ గోగుల గొంతుకు ఇచ్చి, గోదావరిఖని అమ్మాయి మధుప్రియను పక్కన నిలిపాడు. భార్యాభర్తలు ఒకరినొకరు పిలుచుకునే పాట అది. ఎవరిని ఎవరు పిలుస్తున్నారో తేల్చుకోకుండా అతను ఇప్పుడు పాట మొదలుపెట్టడు. 'ధమాకా' నాటికి ఈ పట్టింపు అతనిలో ఇంత గట్టిగా లేదు.

ఇక మిగిలిన చిక్కు ఒకటుంది, అది పనితనానికి సంబంధించిందే. జంగం పాట అంతా ఒక నమ్మకం మీద నిలబడుతుంది. పేరు పిలిస్తే ఆ పేరుగలవాడు ముంగిట్లో ఉంటాడన్న నమ్మకం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆ కొడుకు దుబాయిలో ఉంటాడు, మస్కట్‌లో ఉంటాడు. సెలవు దొరకదు, టికెట్టుకు పైసలుండవు, తండ్రి దినాలను వీడియో కాల్‌లో చూస్తాడు. ఫోను ఎవరో చిన్నపిల్లాడి చేతిలో ఉంటుంది. ఒక్కోసారి వచ్చేది పెట్టెలో శవమే, ముంగిట్లో కూర్చున్నది ముసలి తల్లిదండ్రులు. అప్పుడు పాటగాడు పెద్దకొడుకు పేరు ఎత్తుకున్నప్పుడు ఎటు తిరిగి పాడాలి? ఫోను వైపా, పటం వైపా? శ్యామ్, భీమ్స్ ఇంకోసారి ఆ వైపు పాటకు కూర్చుంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే.